మొక్కను కుండీ మార్చుట

తిరువూరు పరిసరములు మామిడితోటలకు పేరుపొందినవి. ఈ పట్టణము పూర్వము కృష్ణాజిల్లాలో నుండెడిది; 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. దీనికి ఆగ్నేయమున మామిడికి ప్రసిద్ధి కెక్కిన నూజివీడు కలదు. వేసవి వచ్చినదనగా ఈ ప్రాంతమున చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఇంటింటను కనబడును. పండు తిని పారవైచిన టెంకలు తొలకరి వానలు కురియగనే పెరటిలోను పెంటకుప్పలపైనను మొలకెత్తును.

రాగిరంగుతో నిగనిగలాడు ఆ లేత ఆకులను చూచి పిల్లలు ముచ్చటపడుదురు. మొక్కను కాడ పట్టుకొని పెరికి తెచ్చి కుండీలో నాటుదురు. నాటి సాయంకాలమునకే ఆకులు వ్రేలాడును. మూడవనాటికి మొక్క ఎండిపోవును. నీరు పోయలేదా యన్న పోసిరి. ఎరువు వేయలేదా యన్న వేసిరి. అయినను మొక్క బ్రదుకలేదు. ఆ చావునకు కారణము కంటికి కనబడునది కాదు. పెరికినపుడు తెగి నేలలోనే మిగిలిపోయిన సన్నని వేళ్ళలో అది యున్నది.

వేరు చేయు పనులు రెండు. మొక్కను నేలలో నిలువబెట్టుట యొకటి. నీటిని, అందు కరగిన లవణములను పీల్చి పైకి పంపుట రెండవది. మొదటి పనిని లావైన వేళ్ళు చేయును. రెండవ పనిలో ఎక్కువ భాగము లేతవేళ్ళ కొనలయొద్ద జరుగును. వేరు కొనకు తొడుగు కలదు. ఆ తొడుగు మట్టి రాపిడినుండి కొనను కాపాడును. కొనకు కొంచెము వెనుకగా తెల్లని నూగువంటివి కనబడును. వీనికి మూలకేశములని పేరు. ఒక్కొక్క మూలకేశము ఒక్కొక్క కణముయొక్క పొడిగింపు మాత్రమే. అది మట్టిరేణువుల నడుమ దూరి వానిని అంటిపట్టుకొని నీటిని గ్రహించును. దాని ఆయుర్దాయము కొలది దినములు, లేక కొలది వారములు. పాతవి రాలుచుండగా ముందుకు సాగిన వేరుపై క్రొత్తవి పుట్టుచుండును. ఎండగాలి తగిలినచో ఈ సుకుమారమైన కేశములు కొన్ని నిమిషములలోనే వాడిపోవును.

ఇవి కంటికి ఆననంత చిన్నవే యైనను వీని సంఖ్య ఆశ్చర్యము గొలుపును. అమెరికా దేశమున డిట్మర్ అను శాస్త్రజ్ఞుడు గోధుమను పోలిన రై అను ధాన్యపు మొక్క నొక్కదానిని పెట్టెలో పెంచెను. ఆ పెట్టె అడుగు పొడవు, అడుగు వెడల్పు, 22 అంగుళముల లోతు గలది. నాలుగు నెలలు గడచిన పిదప మట్టిని మెల్లగా కడిగివైచి వేళ్ళను లెక్కించెను. 1937లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారము ఆ ఒక్క మొక్కకు దాదాపు 1 కోటి 38 లక్షల వేళ్ళు ఉండెను. వాని నన్నిటిని వరుసగా చేర్చిన పొడవు సుమారు 620 కిలోమీటర్లు. మూలకేశములు సుమారు 1400 కోట్లు. వాని మొత్తము పొడవు 10,000 కిలోమీటర్లకు మించినది. నేలపై కనబడు కాడల, ఆకుల వైశాల్యముకంటె నేలలోని వేళ్ళ వైశాల్యము 130 రెట్లు అధికమని ఆయన తేల్చెను. నేలపై కనబడు మొక్క సగము మొక్క మాత్రమే యని దీనివలన తెలియుచున్నది.

మొక్క ఇంత నీటిని పీల్చి ఏమి చేయును? ఇంగ్లండు దేశస్థుడైన స్టీఫెన్ హేల్స్ మూడువందల సంవత్సరములకు పూర్వమే ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను. ఆయన మూడున్నర అడుగుల ఎత్తుగల పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో నుంచి, కుండీమట్టినుండి నీరు ఆవిరియై పోకుండ పైన సీసపు రేకుతో కప్పి, ఉదయము సాయంకాలము తూచుచు వచ్చెను. పండ్రెండు గంటల పగటి వేళలో ఆ మొక్క సగటున 20 ఔన్సుల బరువు తగ్గుచుండెను. అనగా అర లీటరునకు పైగా నీరు ఆకులద్వారా ఆవిరియై గాలిలో కలియుచుండెనన్నమాట. 1727లో వెలువడిన ఆయన గ్రంథమున ఈ పరిశోధన వర్ణింపబడినది. ఆకులనుండి నీరు ఇట్లు ఆవిరియగుటకు బాష్పోత్సేకమని పేరు.

ఇప్పుడు పెరికి తెచ్చిన మామిడి మొక్క సంగతి స్పష్టమగును. ఆకులు నీటిని ఎప్పటివలెనే వెచ్చించుచున్నవి. వేళ్ళు తెగుటచే రాబడి నిలిచినది. రాబడి లేక వ్యయము మాత్రమే సాగు కుటుంబము ఎన్నినాళ్ళు నిలుచును? కుండీలో ఎంత నీరు పోసినను దానిని పీల్చుటకు తగిన నోళ్ళు మొక్కకు లేవు. కావున మొక్కను ఒకచోటినుండి వేరొకచోటికి మార్చువారు రెండు విషయములను జ్ఞాపకముంచుకొనవలెను: వేళ్ళను వీలైనంత తక్కువగా చెదరనీయవలెను, వేళ్ళు కుదురుకొను వరకు ఆకుల వ్యయమును తగ్గింపవలెను. ఈ పనిలోని తక్కిన నియమములన్నియు ఈ రెండింటినుండియే పుట్టినవి.

మార్పు ఇంత అపాయకరమైనచో మొక్కను మొదటి కుండీలోనే ఏల ఉంచరాదు? చిన్న కుండీలో మట్టి కొంచెము; అందు నిలుచు నీరు, ఆహారము కొంచెము. వేళ్ళు కుండీ నిండిన పిదప పోవుటకు తావు లేక గోడ వెంబడి చుట్లు చుట్టుకొనును. కుండీ అడుగు రంధ్రమునుండి వేళ్ళు వెలికివచ్చుట, పోసిన నీరు మట్టిలో నిలువక జారిపోవుట, ఉదయము నీరు పోసినను మధ్యాహ్నమునకే ఆకులు వాడుట, క్రొత్త చిగుళ్ళు రాకపోవుట – ఇవి కుండీ ఇరుకైనదని తెలుపు గుర్తులు.

నారు విషయమున మరియొక గుర్తు కలదు. విత్తనమునుండి మొదట వెడలునవి బీజదళములు. ఆ పిదప ఆ జాతికి సహజమైన ఆకులు పుట్టును. అట్టి నిజమైన ఆకులు రెండు మొదలు నాలుగు వరకు వచ్చినపుడు టమాట, వంగ మొదలగు మొక్కలను నారుపెట్టె నుండి చిన్న కుండీలలోనికి మార్చవచ్చును. గుమ్మడి, సొర, బీర, దోస జాతులు వేరు కదలికను సహింపవు. వానిని పెరుగవలసిన చోటనే విత్తుట మేలు.

మామిడి టెంక సంగతి మరింత గమనింపదగినది. ఈ టెంక ఎక్కువ కాలము నిలువయుండిన మొలకెత్తు శక్తిని కోల్పోవును. కనుక పండు తిన్న కొలది దినములలోనే దానిని విత్తవలెను. మొలచిన మొక్కను ఆకులు రాగిరంగున నుండగనే, టెంక ఊడకుండ, మట్టితో కూడ త్రవ్వి తీసి మార్చుట మంచిది. అప్పటికి వేళ్ళు స్వల్పముగా నుండును. టెంకలోని పప్పు ఇంకను మొక్కకు ఆహారము నిచ్చుచుండును. ఆకులు పచ్చబడి టెంకలోని నిలువ తరిగిన పిదప మార్చిన మొక్కలలో చచ్చునవి ఎక్కువ.

కాలనియమము కూడ కలదు. రోహిణికార్తెలో రోళ్ళు పగులునని తెలుగువారి సామెత. తిరువూరు ప్రాంతపు ఎండలలో ఆ దినములందు మొక్కను కదల్చుట దానికి హాని చేయుటయే. మృగశిర ప్రవేశించి వానలు పడి గాలిలో తేమ నిండిన పిదప ఈ పనికి పూనుకొనవలెను. ఆ దినములలోను మబ్బు పట్టిన పగలో, సాయంకాలమో ఎన్నుకొనవలెను. సాయంకాలము మార్చిన మొక్కకు ఎండ సోకక ముందు ఒక రాత్రి విశ్రాంతి లభించును.

ఇక కుండీ. చిన్న మొక్కను ఒక్కసారిగా పెద్ద తొట్టిలో నాటిన త్వరగా పెరుగునని పలువురు తలంతురు. ఇది పొరపాటు. తొట్టినిండ మట్టి యున్నను దానిలోని నీటిని పీల్చుటకు వేళ్ళు చాలవు. నీరు నిలిచిన మట్టిలో గాలికి చోటుండదు. వేళ్ళకును ఊపిరి కావలెను. గాలి లేనిచో అవి కుళ్ళును. కనుక క్రొత్త కుండీ పాతదానికంటె చుట్టును రెండు వ్రేళ్ళ వెడల్పు మాత్రమే పెద్దదిగా నుండిన చాలును. మొక్క పెరిగినకొలది మరల మార్చవచ్చును.

కుండీ అడుగున రంధ్రము తప్పక యుండవలెను. ఆ రంధ్రముపై కుండపెంకు నొకదానిని బోర్లించినచో మట్టి జారిపోక నీరు మాత్రము వెడలును. అడుగున గులకరాళ్ళను మందముగ పరచిన నీరు బాగుగా ఇంకునని చిరకాలముగ నొక నమ్మిక కలదు. నేటి శాస్త్రజ్ఞులు దీని నంగీకరింపరు. సన్నని మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా తడిసి నిండిన పిదపగాని, క్రిందనున్న ముతక రాళ్ళలోనికి దిగదు. అందుచేత రాళ్ళ పొర మందమైనకొలది నీరు నిలుచు భాగము వేళ్ళకు మరింత దగ్గర యగును. ఒక్క పెంకు చాలును.

ఎర్రమట్టి, బాగుగా మాగిన పశువుల ఎరువు, ఏటి ఇసుక సమపాళ్ళుగా కలిపిన మిశ్రమము పెక్కు మొక్కలకు అనుకూలించును. మట్టి మొక్కకు ఆధారమును, ఎరువు ఆహారమును తేమను, ఇసుక గాలికి దారిని ఒసగును. పచ్చి పేడ వేయరాదు. అది మాగునపుడు పుట్టు వేడిమి లేతవేళ్ళకు హాని చేయును. మిశ్రమమును చేతిలోనికి తీసికొని పిడికిలి బిగించిన ముద్ద కట్టవలెను. వ్రేలితో తట్టిన విడిపోవలెను. మట్టికి అంత తడి యున్న చాలును.

మార్చుటకు కొన్ని గంటలకు ముందు పాతకుండీకి నీరు పోయవలెను. దీనివలన ఆకులు నీటితో నిండియుండును. మట్టియు వేళ్ళ నంటిపెట్టుకొని గడ్డగా నిలుచును. పొడిమట్టి విరిగి రాలుచు వేళ్ళను గూడ తెంపుకొనిపోవును. ఆ పిదప ఎడమచేతి వ్రేళ్ళ నడుమ కాడ యుండునట్లు అరచేతిని కుండీ మూతిపై ఆనించి, కుడిచేతితో కుండీని తలక్రిందుగ పట్టి, దాని అంచును బల్ల అంచుపై మెల్లగా తట్టవలెను. మట్టిగడ్డ చెక్కుచెదరక చేతిలోనికి దిగును. మొక్కను కాడ పట్టి లాగుట మహాపరాధము. నారుపెట్టెనుండి తీయు చిన్ని మొక్కలను సన్నని పుల్లతో అడుగునుండి లేవనెత్తి, ఆకును పట్టుకొనవలెనేగాని కాడను నొక్కరాదు. ఆకు నలిగిన వేరొక ఆకు పుట్టును; కాడ నలిగిన మొక్కయే పోవును.

క్రొత్త కుండీలో అడుగున కొంత మట్టి పోసి, పాతకుండీలో మొక్క యెంత లోతున నుండెనో అంతే లోతున నుండునట్లు గడ్డను నిలుపవలెను. లోతు ఎక్కువైన కాడ కుళ్ళవచ్చును. తక్కువైన వేళ్ళు పైకి తేలి ఎండును. టమాట మాత్రము దీనికి మినహాయింపు. మట్టిలో పూడిన దాని కాడనుండియు వేళ్ళు పుట్టును. చుట్టును మట్టి పోసి, కుండీని నేలపై ఒకటి రెండుమారులు మెల్లగా తట్టినచో సందులు పూడును. గట్టిగా అదిమిన మట్టిలోని గాలి పోవును. సన్నని రంధ్రముల మూతిగల డబ్బాతో, అడుగు రంధ్రమునుండి వెలికివచ్చు వరకు నీరు చల్లవలెను. ఆ నీరు దాహము తీర్చుటకు మాత్రమే కాదు. క్రొత్త మట్టిని వేళ్ళకు అంటునట్లు చేయుట దాని ముఖ్య ప్రయోజనము.

ఇంతటితో పని ముగియదు. వారము పదిదినములు కుండీని తాటాకు పందిరి క్రిందనో, చెట్టునీడనో ఉంచవలెను. పిమ్మట ఉదయపు లేతయెండను, క్రమముగ తక్కిన ఎండను అలవాటు చేయవలెను. మధ్యాహ్నము ఆకులు కొంచెము వాలి సాయంకాలమునకు తేరుకొనిన భయము లేదు. తెల్లవారుసరికి కూడ వాలియే యున్నచో వేళ్ళు పనిచేయుట లేదని గ్రహింపవలెను. అట్టి మొక్కకు తొందరపడి మరల మరల నీరు పోయువారు దానిని ముంచి చంపుదురు. ముందుగా మట్టిలో వ్రేలు గ్రుచ్చి తడి చూడవలెను. తడి యున్నచో నీడను పెంచవలెనేగాని నీటిని పెంచరాదు. క్రొత్త చిగురు వెడలు వరకు రసాయనిక ఎరువు తగదు. ఎరువులోని లవణము ఎక్కువైనచో నీరు మట్టినుండి వేరులోనికి పోవుటకు మారుగా వేరునుండి మట్టిలోనికి పోవును.

వాడిన మొక్క తన బాధను వెంటనే తెలుపును. కాని పలు సంవత్సరములు దాగియుండి పిదప బయటపడు కీడు మరియొకటి కలదు. మామిడికి తల్లివేరు బలిష్ఠము. అది తిన్నగా లోతునకు దిగజూచును. కుండీ అడుగును, లేక పాలిథీన్ సంచి అడుగును తాకినపుడు దారి లేక వంగి చుట్టుకొనును. ఈ చుట్టను అట్లే యుంచి తోటలో నాటినను మొక్క బ్రదుకును, ఆకులు వేయును, కొన్నియేండ్లకు కాపునకును వచ్చును. పైకి లోపమేమియు కానరాదు. నేలలో మాత్రము చుట్టుకొనిన వేళ్ళు లావెక్కి ఒకదానినొకటి బిగించుచుండును. నలుదెసల పాకి చెట్టును పట్టి నిలుపవలసిన వేళ్ళు కుండీ ఆకారమునే నిలిచియుండును. ఒకనాడు బంగాళాఖాతమున వాయుగుండము పుట్టి పెనుగాలి వీచును. చుట్టుపట్ల చెట్లు నిలిచియుండగా ఈ చెట్టు కాయలతో కూడ కూలును. రైతు పెట్టిన నీరు, ఎరువు, ఇన్నియేండ్ల శ్రమ యొక్క గడియలో వ్యర్థమగును. మొక్కనాడు ఒక్క నిమిషము వెచ్చించి వేళ్ళను చూచియుండిన తప్పెడి నష్టమది.

కనుక కుండీనుండి గాని సంచినుండి గాని మొక్కను తీసినపుడు వేళ్ళను తప్పక పరిశీలింపవలెను. సంచిని కత్తితో కోసి పూర్తిగా తొలగింపవలెను. గడ్డ చుట్టును అల్లుకొనిన సన్నని వేళ్ళను వ్రేళ్ళతో మెల్లగా విడదీయవలెను. విడదీయ వీలుగానివానిని, అడుగున చుట్టుకొనిన వేరుకొనను, పరిశుభ్రమైన పదునుకత్తితో కోయవలెను. వేరును నొప్పింపరాదని చెప్పి కత్తి పట్టుమనుట వింతగా తోచవచ్చును. కాని వేరును లాగి తెంపుట వేరు. ఆలోచించి కోయుట వేరు. తెగిన చోటికి వెనుకనుండి క్రొత్త వేళ్ళు పుట్టి తిన్నని దారి పట్టును. వైద్యుని కత్తికిని దొంగ కత్తికిని ఉన్న భేదమే ఇచ్చటను కలదు.

తిరువూరు, నూజివీడు ప్రాంతముల రైతులకు అంటుమొక్కలతో గాఢపరిచయము కలదు. పూర్వమునుండి వచ్చిన పద్ధతిలో టెంకమొక్కను కుండీలో పెంచి, ఆ కుండీని మేలుజాతి తల్లిచెట్టు కొమ్మయొద్దకు చేర్చి, రెండింటి బెరడులను కొంత చెక్కి, కలిపి కట్టుదురు. రెండు మూడు నెలలకు అతుకు కలియును. అప్పుడు కొమ్మను తల్లినుండి వేరు చేయుదురు. పండు రుచి కొమ్మనుండి వచ్చును. చెట్టు నిలుకడ కుండీలోని వేరునుండి వచ్చును. ఎంత మేలుజాతి కొమ్మ యైనను వంకరవేరుపై నిలిచినచో దాని మేలు దక్కదు.

మన దేశమున ఈ విద్య క్రొత్తది కాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక అధ్యాయమును కేటాయించెను. చెట్లను ఏ ఋతువులందు మార్చి నాటవలెనో, నాటుటకు ముందు వేరు మొదలు కాండము వరకు ఏ పూతలు పూయవలెనో అందు చెప్పెను. చెట్టునకును చెట్టునకును ఇరువది మూరల ఎడము ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండు అధమమనియు నిర్ణయించెను. దగ్గరగా నాటిన చెట్ల వేళ్ళు ఒకదానితో నొకటి పెనగొని బాధపడి సరిగా ఫలింపవని ఆయన కారణము చెప్పెను. నేలలోపలి ఇరుకును ఆ కాలముననే గుర్తించిన సూక్ష్మబుద్ధి మెచ్చదగినది.

ఈనాడు సాధనములు మారినవి. తూర్పుగోదావరి జిల్లాలోని కడియము ప్రాంతపు నర్సరీలనుండి మొక్కలు దేశపు నలుమూలలకు పోవుచున్నవి. మిరప, టమాట నారును చిన్నచిన్న గుంటలుగల ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి పెంచుచున్నారు. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క మొక్క యుండుటచే ఒకదాని వేరు వేరొకదానితో చిక్కుపడదు. నాటునపుడు గడ్డతో కూడ వెడలివచ్చును. గుంట అడుగు రంధ్రమునుండి వెలికివచ్చిన వేరుకొన గాలి తగిలి ఎండును. దానితో వేరు చుట్టుకొనక లోపలనే క్రొత్త శాఖలు వేయును. కత్తి చేయు పనిని ఇచ్చట గాలియే చేయుచున్నది.

విద్యార్థులు ఈ విషయమును స్వయముగా పరీక్షింపవచ్చును. ఒకే ఈడుగల నాలుగు వంగమొక్కలను తీసికొని, రెండింటిని మట్టి దులిపి వేళ్ళు బయటపెట్టి, రెండింటిని గడ్డతో కూడ ఒకే విధమైన కుండీలలో నాటవలెను. ఒక్కొక్క జతలో ఒకదానిని నీడలోను, ఒకదానిని ఎండలోను ఉంచి, నాలుగింటికిని సమానముగా నీరు పోయవలెను. ప్రతిదినము ఉదయసాయంకాలములందు ఆకుల స్థితిని పుస్తకమున వ్రాసికొనవలెను. పదిదినముల పిదప ఆ పుస్తకము చెప్పు పాఠమును ఎవరును మరువజాలరు.

మొక్కయై వంగనిది మానై వంగునా యని పెద్దలు చెప్పుదురు. వేరు విషయమున ఈ సామెతను త్రిప్పి చెప్పవలసియుండును: మొక్కనాడు వంగిన వేరు మానైన పిదప తిన్ననగుట లేదు. దానిని సరిదిద్దుటకు కుండీ మార్చునట్టి కొలది నిమిషములే అవకాశము. మామిడి నాటినవాని మనుమలును ఆ చెట్టు ఫలమును తినుటకు అవకాశము కలదు. అంతకాలము నిలువవలసిన చెట్టు ఆ సాయంకాలము ఒక అరచేతిలో, ఒక గుప్పెడు మట్టితో ఇమిడియుండును. ఆ చేయి తొందరపడకుండుటయే ఈ విద్యకు సారము.